హైబ్రిడ్ కారు: కొనువారి కారణములు, రైతు చూచుకొనవలసిన లెక్క

మన గుంటూరు, ప్రకాశము నల్లరేగడి మైదానములలోని రైతునకు ‘హైబ్రిడ్’ అను మాట క్రొత్తది గాదు. 1970వ సంవత్సరమున గుజరాతులోని సూరతు పరిశోధన క్షేత్రమునుండి ‘హెచ్-4’ అను సంకర ప్రత్తి వెలువడినది మొదలుకొని ఈ మాట మన విత్తనపు దుకాణములకు, పిమ్మట మన చేలకు, తుదకు మన యరుగులమీది ముచ్చటలకు వచ్చి చేరినది. హైబ్రిడ్ అనగా విత్తనమునకు హెచ్చు వెల యిచ్చి హెచ్చు పంట నాశించుట యని మన గ్రామములలో పిల్లలు సయితము చెప్పగలరు. ఇప్పుడీ మాట కారులమీద వ్రాయబడి వచ్చుచున్నది.

గడచిన రెండు మూడు సంవత్సరములుగా నేను గ్రామములకు పోయినప్పుడు, తెగుళ్లను గూర్చియు ఎరువులను గూర్చియు అడుగవలసిన ప్రశ్నలు ముగిసిన తరువాత, ఎవరో ఒకరు, “ఏమండీ, అందరును హైబ్రిడ్ కారు, హైబ్రిడ్ కారు అనుచున్నారు. అందులో నిజముగా లాభమున్నదా? మాబోటి వారు కొనవచ్చునా?” అని యడుగుట పరిపాటి యైనది. నేను కారుల వర్తకుడను గాను. యంత్రముల మరమ్మతు నేర్చినవాడను గాను. అయినను క్రొత్త వంగడము వచ్చినప్పుడు పాతదాని ప్రక్కనే ఒక మడిలో దానిని వేసి, రెండింటి ఖర్చును ఫలితమును వ్రాసికొని పోల్చి చూపుట నా వృత్తి. ఆ పద్ధతినే ఈ విషయమునకును వర్తింపజేసి, నాకు తెలిసినంతవరకు సభ్యుల యెదుట నుంచుచున్నాను.

హైబ్రిడ్ కారనగా నేమి?

పూర్వము మన పెద్దలు బరువుబండిని వాగు ఒడ్డున ఎత్తు ఎక్కింపవలసి వచ్చినప్పుడు, బండికి ముందు రెండవ జత యెడ్లను కట్టెడివారు. ఎత్తు దాటగానే ఆ జతను విప్పివేసెడివారు. హైబ్రిడ్ కారు ఇట్టిదే. దీనిలో పెట్రోలు ఇంజను ఒక జత. విద్యుత్తుతో తిరుగు మోటారు రెండవ జత. కారు నిలిచియుండి కదలునప్పుడు, మెల్లగా పోవునప్పుడు మోటారు లాగును. వేగము హెచ్చినపుడు ఇంజను లాగును. ఎత్తు ఎక్కునప్పుడును, ముందుబండిని దాటి పోవునప్పుడును రెండును కలిసి లాగును. ఈ కట్టుట, విప్పుట యంతయు కారులోని యంత్రమే చూచుకొనును. నడుపువానికి దానితో పని లేదు.

అయితే ఈ రెండవ జతకు మేత యెక్కడిదని మీరడుగవచ్చును. సాధారణపు కారులో బ్రేకు నొక్కినపుడు, పెట్రోలు కాల్చి సంపాదించిన వేగమంతయు బ్రేకులలో వేడిగా మారి వ్యర్థమగును. హైబ్రిడ్ కారులో బ్రేకు నొక్కినపుడు చక్రములే మోటారును త్రిప్పును. అప్పుడది డైనమోగా మారి విద్యుత్తును పుట్టించి బ్యాటరీలో నిలువచేయును. ఇది మొదటి ఆదా. కారు ఆగియుండగా ఇంజను గూడ ఆగిపోవుట రెండవది. కొంచెము పని చేయించినను, మిక్కిలి పని చేయించినను ఇంజనుకు అదాటుగా పెట్రోలు ఖర్చగును. మోటారు తోడుండుటచే దానిని తగినంత పనిలోనే నిలుపవచ్చును. ఇది మూడవది.

ఇచ్చట ఒక సంగతి మరువరాదు. ఈ కారును ఇంటిలోని ప్లగ్గునకు తగిలించి చార్జి చేయు పని లేదు. అట్లు చేయుటకు వీలును లేదు. దీనిలో తిరుగు విద్యుత్తంతయు మీరు పోసిన పెట్రోలునుండి పుట్టినదే. మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్ కారులోని బ్యాటరీ ఒక యూనిట్టు విద్యుత్తులో ముప్పాతికవంతు మాత్రమే నిలుపును. చిన్నపాటి విద్యుత్కారులోనైనను ఇరువది ముప్పది యూనిట్లు నిలుపు బ్యాటరీ యుండును. కావున హైబ్రిడ్ కారు ఇంజను సాయము లేక కేవలము మోటారుతో దూరము పోజాలదు. పోయిన పెట్రోలులో కొంత మరల రాబట్టుట దీని పని. పెట్రోలును మానిపించుట దీని పని గాదు.

ఇది మనకెట్లు వచ్చినది?

ఇంజనును మోటారును ఒకే బండిలో కలుపుట 1900 ప్రాంతముననే ఫెర్డినాండ్ పోర్షె అను యంత్రశిల్పి వియన్నాలో చేసి చూపెను. పెట్రోలు చవుకగా దొరకుచుండుటచే ఆ త్రోవ చాల కాలము మరుగున బడినది. 1997 డిసెంబరులో జపాను దేశమున టొయోటావారు ప్రియస్ అను కారును అమ్మకమునకు పెట్టిన తరువాత అది లోకమంతట వ్యాపించినది. మన దేశమునకు ప్రియస్ 2010లో వచ్చినది. 2013లో బెంగళూరు దగ్గరి బిడదిలో కామ్రీ హైబ్రిడ్ కూర్చబడసాగెను. కాని ఇవి ధనవంతులకు మాత్రమే అందునట్టివి. 2022వ సంవత్సరమున హోండా సిటీ, టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా అను కారులు హైబ్రిడ్ ఇంజనులతో వచ్చుటయు, ఆ సంవత్సరాంతమున ఇన్నోవా హైక్రాస్ వచ్చుటయు జరిగిన పిదపనే చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్లల మీదుగ పోవు 16వ నంబరు జాతీయ రహదారిపై ఇవి మన కంటబడసాగినవి.

ఒకే పేరున రెండు సరకులు

విత్తనపు సంచిపై పెద్ద అక్షరములను మాత్రమే చదివి కొన్న రైతు ఎట్లు మోసపోవునో మీకు తెలియును. ఇక్కడను అట్టి జాగ్రత్త కావలయును. ‘మైల్డ్ హైబ్రిడ్’ అని ఒక రకము కలదు. దీనిలోని చిన్న మోటారు ఇంజనును వేగముగా స్టార్టు చేయును, కొంచెము తోడ్పడును. అంతేగాని ఒంటరిగా కారును లాగజాలదు. 2015లో మన దేశమున మారుతి సియాజ్ కారుతో ఇది ప్రసిద్ధికి వచ్చినది. ఆ సంవత్సరము ఏప్రిలునుండి కేంద్ర ప్రభుత్వ మిచ్చిన ప్రోత్సాహపు సాయము ఈ రకమునకును దొరకినది. 2017 ఏప్రిలునుండి దీనికి మాత్రము నిలిపివేయబడినది. రెండవ రకము ‘స్ట్రాంగ్ హైబ్రిడ్’. ఈ వ్యాసములో నేను చెప్పుచున్నది దీనిని గూర్చియే.

గ్రాండ్ విటారా అను ఒకే పేరుగల కారులో ఈ రెండు రకములును అమ్మబడినవి. ప్రకటిత పరీక్షలలో గేర్లు చేతితో మార్చు మైల్డ్ రకము లీటరునకు 21.11 కిలోమీటర్లు పోగా, స్ట్రాంగ్ రకము 27.97 కిలోమీటర్లు పోయినది. పేరొక్కటే, ఫలితము వేరు. కావున దుకాణములో అడుగవలసిన ప్రశ్న యిది: “ఇంజను పూర్తిగా ఆగియుండగా మోటారు ఒక్కటియే ఈ కారును నడుపునా?” అవునని చెప్పిన యెడల, నడిపి చూపుమనుడు.

కొనువారు చెప్పు కారణములు

మొదటి కారణము పెట్రోలు ఆదా. ఇన్నోవా హైక్రాస్ కారులో హైబ్రిడ్ గాని రకమునకు ప్రకటిత మైలేజి 16.13 కిలోమీటర్లు, హైబ్రిడ్ రకమునకు 23.24. వ్యత్యాసము చిన్నది గాదు. కాని ఇవి పరీక్షశాలలో వచ్చిన అంకెలు. విత్తన కంపెనీవారు చెప్పిన దిగుబడి మీ చేలో ఎంతవరకు వచ్చునో, ఈ అంకెయు మీ దారిలో అంతవరకే వచ్చును. మరియు ఈ ఆదా యెచ్చట హెచ్చు, ఎచ్చట తక్కువ యనునది తెలిసికొనవలయును. బ్రేకు పలుమారులు పడుచోట, అనగా గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట వీథులలో, ఒంగోలు బజారులో ఆదా హెచ్చు. రహదారిపై ఒకే వేగముతో ఆగక పోవునప్పుడు మరల రాబట్టదగిన శక్తి తక్కువగుటచే ఆదాయును తగ్గును.

రెండవ కారణము చార్జింగు చింత లేకుండుట. విద్యుత్కారు కొనదలచి, “నడిదారిలో చార్జి యయిపోయిన గతి యేమి?” అని జంకువారు దీనివైపు మొగ్గుచున్నారు. పెట్రోలు బంకున్న చోటనెల్ల దీనికి దారి కలదు. రాత్రివేళ రోగిని తీసికొని పోవలసిన పల్లెటూరి కుటుంబమున కిది తోసివేయదగిన కారణము గాదు.

మూడవది డీజిలు కారులు తరిగిపోవుట. మన ప్రాంతపు వారు చాల కాలము డీజిలు కారులను నమ్ముకొనిరి. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి పొగను గూర్చిన క్రొత్త నిబంధనలు అమలులోనికి వచ్చినవి. మారుతివారు ఆనాటినుండి డీజిలు కారులను మానివేసిరి. ఎక్కువ దూరము తిరుగుచు ఇంధనపు ఖర్చు తగ్గించుకొనవలెనన్న వారికి హైబ్రిడ్ ఆ స్థానమున కనబడుచున్నది.

నాల్గవది సౌఖ్యము. దీనిలో క్లచ్చి లేదు. మోకాళ్ల నొప్పిగలవారికి ఇది గొప్ప మేలు. మెల్లగా పోవునప్పుడు చప్పుడుండదు. వేసవిలో మిర్చియార్డు ముందుగాని, ఆసుపత్రి ముందుగాని గంటలకొలది కాచుకొనియున్నపుడు, చల్లనిగాలి యంత్రము బ్యాటరీతో నడచుచుండును. బ్యాటరీ తగ్గినపుడు మాత్రము ఇంజను తనంతట కొంతసేపు నడచి యాగిపోవును. మన యెండలు తెలిసినవారెవరును దీనిని చిన్న సంగతి యనరు.

ఐదవది బ్యాటరీపై హామీ. టొయోటా, మారుతి హైబ్రిడ్ కారుల బ్యాటరీకి 8 సంవత్సరములు లేక 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందయిన నంతవరకు, హామీ యిచ్చుచున్నారు. ఈ గడువును జ్ఞాపకముంచుకొనుడు. లెక్కలో మరల కావలసివచ్చును.

ఆరవది పరుల మాట. మన జిల్లాలలో అమెరికాలో కొడుకో కూతురో లేని పెద్ద గ్రామము అరుదు. వారక్కడ ఏండ్ల తరబడి హైబ్రిడ్ కారులు నడిపి, “నాన్నా, ఇదే కొనుము” అని ఫోనులో చెప్పుదురు. వారి యనుభవము నిజమే. కాని అక్కడి కారణములు వేరు. కాలిఫోర్నియా రాష్ట్రమున 2005నుండి 2011 జూలై 1వ తేదీవరకు, ఒంటరిగా ప్రయాణించు వానికి సయితము, ఎక్కువమంది ఎక్కిన వాహనములకై ప్రత్యేకించిన రహదారి వరుసలో పోవుటకు, కొన్ని హైబ్రిడ్ కారులకు అనుమతి చీటీ లిచ్చిరి. ఉదయము ఉద్యోగమునకు పోవువానికి ఆ చీటీయే గంట యాదా. మన అద్దంకి రోడ్డుపై అట్టి వరుస లేదు.

ఏడవది గౌరవము. దీనిని చెప్పుకొనువారు తక్కువ, మనసులో నుంచుకొనువారు ఎక్కువ. 2007లో అమెరికాలో ఒక పరిశీలక సంస్థ ప్రియస్ కొన్నవారి నడుగగా, నూటికి 57 మంది, “ఈ కారు నేనెట్టివాడనో నలుగురికి చెప్పును” అనుటయే ముఖ్య కారణమనిరి. పెట్రోలు ఆదాను ముఖ్యముగా జెప్పినవారు నూటికి 36 మంది మాత్రమే. అంతటి దేశమున అట్లుండగా, పెండ్లిపందిరి ముందు ఎవరి కారు నిలిచినదో చూచు మన యూళ్లలో ఈ కారణము లేదనుకొనుట అమాయకత్వము.

ఎనిమిదవది లోకహితము. పెట్రోలు తక్కువ కాల్చిన పొగ తక్కువ. మన దేశము కావలసిన ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా పరదేశములనుండి కొనుచున్నది. ఈ కారణముచే కొనువారు కొలదిమందియే యైనను వారిని మెచ్చుకొనవలసినదే.

ప్రక్క ప్రక్కన రెండు మడులు

ఇక లెక్కకు వత్తము. కొన్ని అంకెలను అనుకొందము. మీరు కొను నాటి ధరలనుబట్టి వీనిని మార్చుకొనుడు. పెట్రోలు లీటరు 110 రూపాయలు. సాధారణపు కారు మన దారులలో లీటరునకు 15 కిలోమీటర్లును, హైబ్రిడ్ కారు 22 కిలోమీటర్లును పోవును. సాధారణపు కారుకంటె హైబ్రిడ్ కారు వెల 2,00,000 రూపాయలు హెచ్చు. ఈ సొమ్ము నూటికి సాలుకు 9 రూపాయల వడ్డీపై తెచ్చినది.

సాధారణపు కారునకు కిలోమీటరునకు 7 రూపాయల 33 పైసలు, హైబ్రిడ్ కారునకు 5 రూపాయలు పెట్రోలు ఖర్చు. ఆదా 2 రూపాయల 33 పైసలు. కావున సాలుకు,

6,000 కిలోమీటర్లు తిరుగువానికి ఆదా 14,000 రూపాయలు;
12,000 కిలోమీటర్లు తిరుగువానికి 28,000 రూపాయలు;
18,000 కిలోమీటర్లు తిరుగువానికి 42,000 రూపాయలు;
30,000 కిలోమీటర్లు తిరుగువానికి 70,000 రూపాయలు.

రెండు లక్షలపై మొదటి సాలు వడ్డీ 18,000 రూపాయలు. కనుక 6,000 కిలోమీటర్లు తిరుగువాని ఆదా వడ్డీకే చాలదు. వాడు పెట్రోలు బంకులో మిగిల్చి బ్యాంకులో పోగొట్టుకొనుచున్నాడు. ఎన్ని యేండ్లు నడిపినను ఆ రెండు లక్షలు తీరవు.

12,000 కిలోమీటర్లు తిరుగువాడు ఆదాయైన సొమ్మునంతయు ఏటేట అప్పుకే చెల్లించినను, బ్యాటరీ హామీ ముగియు 8వ సంవత్సరాంతమునకు ఇంకను 90,000 రూపాయలకు దగ్గరగా బాకీ నిలిచియుండును. 18,000 కిలోమీటర్లు తిరుగువానికి 7వ సంవత్సరమున తీరును. హామీ గడువులోనే గట్టెక్కినట్లు. 30,000 కిలోమీటర్లు తిరుగువానికి 4వ సంవత్సరముననే తీరి, అటుపిమ్మట వచ్చినదంతయు లాభము.

చేతిలో సొమ్మున్నది, అప్పు లేదందురా? ఆ రెండు లక్షలను డిపాజిట్టుగా నుంచిన వచ్చు వడ్డీని లెక్కలో వేసికొనుడు. అంకె కొంత మారునుగాని త్రోవ మారదు.

ఇరువురు సభ్యులు

నేను చూచిన రెండు సంగతులను చెప్పెదను. 2023 వేసవిలో మార్టూరు ప్రాంతపు సభ్యుడొకరు హైబ్రిడ్ కారు కొనదలచి నా సలహా నడిగిరి. 2021-22లో నల్ల తామరపురుగు మిరపను నాశనము చేసిన పిదప, ఆ సంవత్సరము పంట చేతికి వచ్చి, గుంటూరు యార్డులో ధర క్వింటాలు 20,000 రూపాయలు దాటి పలికిన కాలమది. చేతిలో సొమ్మాడుచుండెను. “సాలుకు ఎన్ని కిలోమీటర్లు తిరిగెదరు?” అని యడిగితిని. “పదునైదు వేలకు తక్కువ యుండదండీ,” అనిరి. అయిన నొక యేడాది ఆగి, ఉన్న పాత కారు మీటరు రీడింగును ప్రయాణమునకొక పర్యాయము పుస్తకములో వ్రాసి చూడుడని చెప్పితిని. ఆయన మొదట ముఖము చిట్లించిరి. వారి యింటివారు మాత్రము ఆ పని తమపై వేసికొని, పాలలెక్క వ్రాయు పుస్తకములోనే వెనుకవైపునుండి వ్రాసికొని వచ్చిరి. గుంటూరు యార్డునకు, చిలకలూరిపేటకు మందులకు, ఒంగోలు ఆసుపత్రికి, పెండ్లిండ్లకు, తిరునాళ్లకు అంతయు కలిపి సంవత్సరాంతమున చూడగా 7,000 కిలోమీటర్లకు లోపుగనే తేలినది. తిరిగినట్లు తోచినది సగము బైకుమీది తిరుగుడే.

ఆయన కారు కొనలేదు. పాతదానికే టైర్లు మార్పించిరి. 2025వ సంవత్సరారంభమున మిర్చి ధర ఎట్లు కూలినదో, ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము మార్కెటు జోక్యపు పథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయలు నిర్ణయింపవలసి వచ్చినదో మీరెరుగుదురు. ఆ నెలలలో ఆయన నన్ను యార్డులో కలిసికొనినప్పుడు కారు మాట యెత్తలేదు. “టిక్కీలు కోల్డు స్టోరేజీలో పెట్టి రెండు నెలలు ఆగగలిగితిని, కంతు లేకపోవుటచే ఆగగలిగితిని,” అని మాత్రమనిరి.

రెండవ వారు ఆ ప్రక్క గ్రామమువారే. మూడెకరముల ప్రత్తి సేద్యముతో బాటు, రోగులను గుంటూరు ఆసుపత్రులకు, విద్యార్థులను కళాశాలలకు బాడుగకు తీసికొనిపోవుట వారి రెండవ వృత్తి. బాడుగ బండిగా రిజిస్టరు చేయించి పర్మిట్టు తీసికొన్న పాత కారే వారి పుస్తకములో సాలుకు 30,000 కిలోమీటర్లు చూపినది. అందులో పెక్కు భాగము పట్టణపు వీథులలోని తిరుగుడు, ఆసుపత్రి వాకిళ్ల ముందు నిరీక్షణము. వారు హైబ్రిడ్ కారు కొనిరి, బాడుగకే రిజిస్టరు చేయించిరి. కంతులు తప్పక కట్టుచున్నారు. బాడుగ బండికి హామీ షరతులు వేరుగా నుండవచ్చును గనుక వారు ముందుగనే కాగితము చదివించుకొనిరి, అదియు తెలివియే.

ఇరువురును తెలివిగలవారే. ఒకే కారు, ఒకే ధర. దారులు మాత్రము వేరు. నీటివసతిగల చేలో నిలిచిన సంకర విత్తనము మెట్టచేలో ఎండిపోయినచో విత్తనమును తిట్టుట దేనికి?

మన ప్రాంతమున ప్రత్యేకముగా చూడవలసినవి

ఒకటి. చాల హైబ్రిడ్ కారులలో బ్యాటరీని చల్లబరచుటకు లోపలిగాలి పీల్చు జాలి వెనుక సీటు దగ్గర నుండును. మిరపకారపు దుమ్ము, ప్రత్తినూగు ఆ జాలికి పట్టినచో గాలి యాడక బ్యాటరీ వేడెక్కును. దానిని కప్పునట్లు సంచులు పెట్టరాదు. సర్వీసు చేయించినప్పుడెల్ల దానిని శుభ్రపరచుమని నోటితో చెప్పవలయును.

రెండు. గ్రాండ్ విటారా వంటి కారులలో బ్యాటరీ వెనుకభాగమున నుండుటచే సామానుపెట్టె చిన్నది. విత్తనపు సంచులు, మందుల పెట్టెలు వేసికొని పోదమనుకొనువారు ముందుగా తలుపు తెరచి చూచుకొనవలెను.

మూడు. నారింజరంగు తొడుగుగల తీగెలలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు ప్రవహించును. ఊరి మెకానిక్కు ఎంత నేర్పరి యైనను, తగిన శిక్షణ లేనిచో వానిని తాకనీయరాదు. మీకు దగ్గరలో శిక్షణగల సర్వీసు కేంద్ర మెంత దూరమున నున్నదో కొనుటకు ముందే తెలిసికొనుడు.

నాలుగు. పన్ను. 2025 సెప్టెంబరు 22వ తేదీవరకు హైబ్రిడ్ కారులలో పెక్కింటిపై జి.ఎస్.టి., సెస్సు కలిపి నూటికి 43 రూపాయలుండెను. ఆనాటినుండి పెద్ద హైబ్రిడ్ కారులపై 40 అయినది. నాలుగు మీటర్లకు మించని పొడవును, 1,200 సి.సి.కి మించని పెట్రోలు ఇంజనును గల చిన్నవానిపై 18. విద్యుత్కారులపై 5 మాత్రమే. ఆనాడే ట్రాక్టరులపై పన్ను 12నుండి 5కు దిగినది. 2024 జూలైలో ఉత్తర ప్రదేశ ప్రభుత్వము స్ట్రాంగ్ హైబ్రిడ్ కారులకు రిజిస్ట్రేషను పన్ను మినహాయించినది. ఒక రాష్ట్రపు రాయితీ మరియొక రాష్ట్రమున చెల్లదు. కావున పత్రికలో చదివిన రాయితీని నమ్మక, రవాణా కార్యాలయములో అడిగి తెలిసికొనుడు.

ఐదు. ఇది యన్నిటికంటె ముఖ్యము. పంట ఋణము పంటకే. మూడు లక్షల వరకు కిసాన్ క్రెడిట్ కార్డుపై నూటికి 7 రూపాయల వడ్డీకి సొమ్ము దొరకి, గడువులో కట్టినవానికి అది 4కు దిగుటకు కారణము, అది విత్తనమునకు ఎరువునకు ఉద్దేశింపబడుట. దానిని త్రిప్పి కారు ముందు చెల్లింపుగా కట్టినవాడు జూన్ మాసమున విత్తనమునకై హెచ్చు వడ్డీకి అప్పు తీయును. సంఘములోని బాకీల పట్టీలను చూచిన వారికి ఈ కథ క్రొత్త గాదు.

ముగింపు

కాబట్టి సభ్యులకు నా మనవి యిది. కారు కొనవలెనన్న కోరిక కలిగిన నాడే దుకాణమునకు పోక, అర్ధరూపాయి పెన్సిలు ముక్క, పాత నోటుపుస్తకము తీసికొని ఒక యేడాది మీ ప్రయాణములను వ్రాయుడు. సాలుకు 18,000 కిలోమీటర్లు దాటి, అందులో పట్టణపు తిరుగుడు హెచ్చుగా నున్నచో, స్ట్రాంగ్ హైబ్రిడ్ రకమును నిర్భయముగ విచారింపుడు. 8,000కు లోపైనచో, పెట్రోలు ఆదా యను కారణమును పట్టీలోనుండి కొట్టివేయుడు. మధ్యనున్న వారు వడ్డీని జాగ్రత్తగా వేసికొని చూడుడు.

కొట్టివేసిన తరువాత గూడ, “అమ్మకు మోకాళ్ల నొప్పి, చప్పుడు లేని బండి కావలెను, నాకు క్లచ్చి తొక్కు ఓపిక లేదు, సొమ్మున్నది,” అందురా? అట్లే కొనుడు. సుఖమునకు వెల యిచ్చుట తప్పు గాదు. ఆ వెలను సుఖము క్రింద వ్రాసికొని, పొదుపు క్రింద వ్రాయకుండుటయే నేను కోరునది.

వచ్చు నెల సంఘ సమావేశమునకు ఎవరైన తమ ప్రయాణపు పుస్తకమును తెచ్చినచో, పై లెక్కను వారి యంకెలతో అందరి యెదుట వేసి చూపుటకు నేను సిద్ధముగా నున్నాను.